ఒడ్డు లేని నీళ్లు

మేడ్చల్ హైవే మీద టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది కావ్య పనిచేసే ఆఫీసు. కింద నుంచి రబ్బరు వాసన, పక్క బేకరీ నుంచి ఎగ్ పఫ్ వాసన కలిసి మెట్లెక్కి వస్తాయి. పైకి వస్తే ఏసీ చల్లదనం, గోడకు వరసగా తెరలు, ఆ తెరల నిండా సముద్రం.

ఆ సముద్రం నార్వే దేశానికి ఉత్తరపు కొసన ఉంది. అక్కడ ఒడ్డుకు దూరంగా, పెద్ద పెద్ద వల పంజరాల్లో చేపలను పెంచుతారు. పంజరాల మధ్య లంగరు వేసిన ఇనుప పడవ ఒకటి ఉంటుంది. అందులో మేత నిలవ చేస్తారు. దాని మీద కెమెరాలు, ఒక మైకు, ఒక లౌడ్ స్పీకరు. చేపలు తింటున్నాయా లేదా చూసుకుంటూ మేత గొట్టాలు తెరవడం, మూయడం... ఇక్కడ కూర్చుని కావ్య చేసే పని అదే. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే లింగం బిడ్డకు సముద్రంలో చేపలకు మేతేసే నౌకరీ దొరికిందని ఊళ్లో నవ్వుకున్నారు.

చేరిన మొదటి వారమే టీం లీడరు భానుప్రకాశ్ ఒక మాట చెప్పాడు.

"పంజరాలను చూడు కావ్యా. సముద్రాన్ని చూడకు. చూసుడు అలవాటైతే పని కాదు."

హాస్యానికి అన్నాడనుకుంది. రెండు నెలలు తిరిగేసరికి డ్యూటీకి గంట ముందే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. చలికాలంలో అక్కడ సూర్యుడు పైకి రాడు. మేడ్చల్‌లో మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఆ తెరల్లో చీకటే. ఆ చీకట్లో పడవ దీపాల వెలుతురు పడినంత మేర నీళ్లు కనిపించేవి. నల్లరేగడి దుక్కి ప్రాణం వచ్చి నడుస్తున్నట్టు అలలు లేచేవి. లేచి, ఒక్క క్షణం ఆగి, విరిగేవి. ఆ ఆగిన క్షణంలో కావ్యకు గుండె కూడా ఆగినట్టుండేది. మళ్లీ చూడాలనిపించేది.

ఒకరోజు టిఫిను మరిచిపోతే నాయిన తెచ్చిచ్చాడు. లింగం ఎన్నడూ సముద్రం చూడలేదు. డబ్బా చేతిలో అట్లనే పట్టుకుని తెర ముందు నిలబడిపోయాడు.

"దీనికి అవుతలి ఒడ్డు ఏడున్నది బిడ్డా?"

"లేదు నాయినా. గట్లనే పోతది."

"ఒడ్డు లేకుంటే మరి మునిగినోళ్లు ఏడ తేల్తరు?"

ఆ అడిగింది ఎవరి గురించో కావ్యకు తెలుసు. ఆరేళ్ల కింద చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు బాబాయి మైసయ్య నీళ్లల్లో పోయాడు. వల కొట్టుకపోతాంది, పోయి గుంజుకరా అని వానలో పంపింది లింగమే. తెప్ప దొరికింది. మనిషి దొరకలేదు. ఐదు రోజులు వెతికి, చివరికి గడ్డి బొమ్మ చేసి పూడ్చారు. ఆనాటి నుంచి నాయిన తమ్ముడి పేరు ఎత్తలేదు, ఏడ్వనూ లేదు.

ఆ తర్వాత టిఫిను మరిచిపోయినా, మరిచిపోకపోయినా లింగం రోజూ రావడం మొదలుపెట్టాడు. మూల స్టూలు మీద కూర్చుని తెరలను చూసేవాడు. ముసలాయన ఎవరికీ అడ్డం లేడు కదా అని భానుప్రకాశ్ ఏమీ అనలేదు.

డిసెంబరు మూడో వారంలో అక్కడ తుపాను పట్టింది. మంగళవారం పొద్దున్నే నార్వే నుంచి కబురు వచ్చింది. పనివాళ్లందరినీ ఒడ్డుకు చేర్చేశారు, పడవ మీద ఎవరూ లేరు. మేత ఆపేయండి, పంజరాల తాళ్లు తెగుతాయేమో చూస్తూ ఉండండి చాలు, అన్నారు.

అంత సముద్రాన్ని కావ్య అంతవరకు చూడలేదు. అలలు పడవ మీదికి ఎక్కి దిగుతున్నాయి. చిమ్మిన నీళ్లు చిమ్మినట్టే ఇనుప కమ్మీల మీద గడ్డకట్టి, కొవ్వొత్తి కారినట్టు వేలాడుతున్నాయి. హెడ్‌ఫోన్‌లో గాలి ఒకటే ఊళ. ఆ ఊళ కింద ఇంకేదో చప్పుడు... నిదానంగా, తడి తాడు ఇనుము మీద రాసుకుంటున్నట్టు.

గర్ర్... ఆగి... గర్ర్...

మధ్యాహ్నం ఒంటిగంట. మిగతా వాళ్లు భోజనానికి కిందికి పోయారు. భానుప్రకాశ్ బయట ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గదిలో కావ్య, స్టూలు మీద లింగం.

నాలుగో తెరలో మనిషి కనిపించాడు.

పడవ అంచున, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. వాళ్లు వేసుకునే పసుపు కోటు లేదు. ఒంటి మీద బనీను, కింద లుంగీ. లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఉంది. అలలు అతని మీద పడుతున్నాయి, పోతున్నాయి. అతను కదలడం లేదు. చేతులు మాత్రం ఆడుతున్నాయి. నీళ్లలోంచి తాడు గుంజుతున్నాడు. రెండు బారలు గుంజడం, తాడు పళ్ల మధ్య బిగబట్టడం, చేతులు మార్చి మళ్లీ గుంజడం.

తాడు పళ్లతో పట్టేది శామీర్‌పేట చెరువు మీద ఒక్కడే.

కావ్య వెనక్కి చూసింది. లింగం లేచి నిలబడి ఉన్నాడు.

"మైసడు," అన్నాడు మెల్లగా. "గాడు మైసడే బిడ్డా."

"కాదు నాయినా. ఎవరో పనోడు మిగిలిపోయిండు..."

"పిలువు."

"వద్దు నాయినా."

"ఒక్కసారి పిలువనీయే. నేనే పంపిన వాన్ని."

పడవ మీది లౌడ్ స్పీకరుకు ఇక్కడినుంచి మాట్లాడే మైకు బటన్ కావ్య ముందే ఉంది. నొక్కకూడదని ఆమెకు తెలుసు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు ఒక్కటే గుర్తొచ్చేది. నాయిన అడిగాడని మాత్రమే తను నొక్కలేదు. ఆ మొహం తనకూ చూడాలనిపించింది.

నొక్కింది.

"ఒరేయ్ మైసిగా!" అన్నాడు లింగం.

తెరలో చేతులు ఆగాయి.

గాలి కూడా ఆగినట్టయింది. మనిషి మెల్లగా తల తిప్పాడు. కెమెరా అద్దం మీద మంచు పేరుకుని ఉంది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక. ఆ మసక పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. నడవడం కనిపించలేదు... దగ్గరికి వచ్చేసింది. కావ్య తీసేసిన హెడ్‌ఫోన్ బల్ల మీద పడి ఉంది. అయినా గొంతు వినిపించింది.

"అన్నా... సలి పెడ్తాందే."

లింగం తెర దగ్గరికి జరిగాడు.

"వల బరువున్నది. ఒక్కన్నే గుంజలేను. రాయే..."

"వస్తున్నరా," అన్నాడు లింగం. "ఆగు. వస్తున్న."

కావ్య బటన్ మీంచి చెయ్యి తీసేసరికి ఆ మాట అంతా పడవ మీదికి చేరిపోయింది. అప్పుడు లేచింది అల. దీపాలకంటే పైకి లేచింది, ఆగింది, చాలాసేపు ఆగింది. నాలుగో తెర నల్లబడిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే స్టూలు ఖాళీ. కింద నాయిన టీవీఎస్ మోపెడ్ స్టార్ట్ అయిన చప్పుడు.

భానుప్రకాశ్ బండి మీద ఆమె శామీర్‌పేట చేరేసరికి రెండు కావస్తోంది. దారి పొడవునా నాయినకు ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు. చెరువు మీద ఎండ పరుచుకుని ఉంది. గట్టు మీద బర్రెలు మేస్తున్నాయి. చిన్న అల కూడా లేదు. నడి చెరువులో నాయిన థర్మాకోల్ తెప్ప. దాని మీద మోకాళ్ల మీద కూర్చుని లింగం తాడు గుంజుతున్నాడు.

రెండు బారలు గుంజి, తాడు పళ్ల మధ్య బిగబట్టి, చేతులు మార్చి మళ్లీ గుంజుతున్నాడు.

నాయిన ఎన్నడూ అట్లా గుంజేవాడు కాదు.

భానుప్రకాశ్‌కు ఈత రాదు. గట్టు మీదే నిలబడ్డాడు. కావ్య ఎవరిదో పుట్టి నీళ్లలోకి నెట్టి ఎక్కింది. చిన్నప్పుడు నేర్చిన తెడ్డును చేతులు మరిచిపోలేదు. సగం దూరం పోయాక చలి తగిలింది. ఆఫీసు ఏసీ చలి కాదు. ముక్కులోపల కోసే చలి. ఎండ మొహం మీద పడుతూనే ఉంది. ఊపిరి మాత్రం తెల్లగా పొగలా వస్తోంది. చెరువు నీళ్ల పాచి వాసన పోయింది. ఇంకేదో వాసన... తుప్పు వాసన, ఉప్పు వాసన.

"నాయినా! తాడు ఇడ్సిపెట్టు!"

లింగం తల తిప్పలేదు. పళ్ల మధ్య తాడుతోనే మాట్లాడాడు.

"కొంచెమే ఉన్నది బిడ్డా. వచ్చేసిండు."

తాడు నిటారుగా నీళ్లలోకి దిగి ఉంది. చెరువు అక్కడ రెండు నిలువులకంటే లోతు ఉండదు. నాయిన గుంజిన తాడు మాత్రం తెప్ప మీద కుప్పలు కుప్పలు పడి ఉంది. ఇంకా వస్తూనే ఉంది. తెల్లగా, మంచు పట్టి, కట్టెలా బిగిసి వస్తోంది. నాయిన చేతుల తోలు ఆ తాడుకు అంటుకుని ఊడుతోంది. ఆయనకు తెలియడం లేదు.

నీళ్ల కింద ఏదో తెల్లగా కదిలింది. మసకగా, గుండ్రంగా. పైకి వస్తోంది.

పుట్టిలో వల కోసే కత్తి ఉంది. కావ్య తెప్ప అంచు పట్టుకుని తాడు మీద కత్తి పెట్టింది. మంచు మీద కత్తి జారింది. మళ్లీ పెట్టింది.

"వద్దే!" అని అరిచాడు లింగం. "నీ బాబాయే! వద్దు బిడ్డా..."

నీళ్ల కింది నుంచి చాలా నెమ్మదిగా, చాలా ముద్దుగా పిలుపు వచ్చింది.

"కావ్యమ్మా..."

ఆమె కళ్లు మూసుకుని కోసింది. తాడు తెగి, ఈల వేసినట్టు మోగుతూ నీళ్లలోకి పోయింది. తెప్ప మీది కుప్పంతా దానితోనే పోయింది. అది పోవడం ఎంతసేపటికీ ఆగలేదు. ఆగాక చెరువు మళ్లీ చెరువైంది. గట్టు మీంచి బర్రె అరుపు వినిపించింది.

లింగం అప్పుడు ఏడ్చాడు. ఆరేళ్ల ఏడుపు ఏడ్చాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఆయన చేతులు చూసి, "ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడా?" అని అడిగాడు. కుడిచేతి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. కట్లతో ఇంటికి వచ్చిన లింగం బిడ్డతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం ముట్టలేదు. అమ్మ ఐలమ్మ కలిపి నోటికి అందిస్తే మొహం తిప్పుకున్నాడు. కావ్య ఉద్యోగం మానేసింది. భానుప్రకాశ్ ఎందుకని అడగలేదు. ఆ మంగళవారం నాటి రికార్డింగ్ ఆయన చూశాడో లేదో ఆమె అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం భానుప్రకాశ్ దగ్గరినుంచి ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. కింద రాశాడు. తుపాను తగ్గి పనివాళ్లు మళ్లీ పడవ ఎక్కారట. తాళం వేసిన గదిలో, బల్ల మీద ఇవి ఉన్నాయట. ఇంకా బతికే ఉన్నాయట. ఇవి తమ సముద్రంలో ఉండే చేపలు కావు, ఏం చేపలో మీకు తెలుసా అని అడుగుతున్నారు.

కావ్య ఫొటో పెద్దది చేసి చూసింది. నల్లటి ఒళ్లు, పాము తల. చెరువు కొర్రమీన్లు. ఈతాకు నారతో మొప్పల్లోంచి గుచ్చి, కుచ్చు కట్టి ఉన్నాయి.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఐలమ్మ భుజం మీంచి తొంగి చూసింది.

"గివేనే! పొద్దుగాల మన వాకిట్ల గూడ ఎవరో గిట్లనే గుచ్చి పెట్టిపోయిన్రు. మీ నాయిన అడిగిండని పులుసు పెట్టిన. ఏందో మరి, ఉప్పు ఎయ్యకముందే ఉప్పగున్నది."

కావ్య వంటింటి గుమ్మంలోకి పరుగెత్తింది.

లింగం గిన్నె ముందు కూర్చుని, ఎడమచేత్తో రెండోసారి వడ్డించుకుంటున్నాడు. నోటినుంచి తెల్లగా పొగ వస్తోంది. పులుసు ఎప్పుడో చల్లారిపోయింది.

"కూసో బిడ్డా," అన్నాడు. "నీకు గూడ పంపిండు."