నల్ల గీతల మధ్య కామెన్

స్తానిమిర్ అడిగి ఉంటే కామెన్ వద్దనేవాడు. అందుకే స్తానిమిర్ అడగలేదు.

స్తానిమిర్ కామెన్‌కి పెదనాన్న కొడుకు, ఎనిమిదేళ్లు పెద్ద, అచ్చుకొట్టులో సగం వాటాదారు. ఆ సగం కోసం ఇన్నేళ్లలో ఒక్కనాడూ చేతికి సిరా అంటించుకోని పెద్దమనిషి. ఆగస్టులో ఒక సోమవారం పొద్దున ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. "ఈమె రాలిత్స. రెండు నెలలు మన దగ్గర పనిచేస్తుంది. మన కొట్టును 'పేయ్కా'లో పెడుతుంది," అని చెప్పి, కామెన్ నోరు తెరిచేలోగా కారెక్కి వెళ్లిపోయాడు.

పేయ్కా అంటే ఇంటి ముందుండే చెక్కబల్ల. సాయంత్రాలు ముసలమ్మలు కూర్చుని వచ్చేపోయేవాళ్ల సంగతులు చెప్పుకునే బల్ల. ఆ పేరు పెట్టుకుని ఆ ఏడాది ఫోన్లలోకి కొత్త యాప్ ఒకటి దిగింది. వాళ్ల ఊరు త్రోయాన్‌లో రొట్టెల కొట్టు చేరింది, మంగలి చేరాడు, కుండలవాళ్లు చేరారు. చేరనిది కామెన్ ఒక్కడే.

"మేస్త్రీ, వైఫై పాస్‌వర్డ్ చెప్పండి," అంది రాలిత్స.

"లేదు."

"పాస్‌వర్డ్ లేదా, వైఫై లేదా?"

"రెండూ లేవు."

ఆమె కొట్టంతా కలయజూసి, చివరికి కామెన్‌నీ ఒకసారి తేరిపార చూసి, "కరెంటైనా ఉన్నందుకు సంతోషం," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. కామెన్ అచ్చు మిషన్ వైపు తిరిగిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాడు. వచ్చింది నవ్వు అని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి తండ్రి పక్కన మిషన్ దగ్గర నిలబడ్డవాడికి ముప్ఫయ్యారేళ్లొచ్చినా అలాంటివి ఆలస్యంగానే తెలుస్తాయి.

పెళ్లిపత్రికలు, హోటళ్ల మెనూ కార్డులు అచ్చువేసినా, ఆ కొట్టును నిలబెట్టింది చావు కాగితాలు. ఊళ్లో ఎవరు పోయినా ఇంటివాళ్లు ఆ పూటే వస్తారు. ఫోటో, పేరు, వయసు, నాలుగు మాటలు, చుట్టూ నల్ల గీత. ఇంటి తలుపుకీ, బస్టాపులోనూ, కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. నలభయ్యో రోజుకి మళ్లీ, ఆర్నెల్లకి మళ్లీ, ఏడాదికి మళ్లీ. సంచులు మోసుకుపోయేవాళ్లు స్తంభం దగ్గర ఆగి, సంచి కింద పెట్టి, చదివి, మళ్లీ ఎత్తుకుంటారు. ఆ ఆగడమే కామెన్ అమ్మే సరుకు.

రాలిత్స ప్లోవ్‌దివ్ పట్నం పిల్ల. మొదటి వారం నమూనాల పుస్తకం తెరిచి ఉలిక్కిపడింది. ప్రతి పేజీలోనూ, నల్ల గీతల మధ్య, బతికున్న కామెన్. ఒక దాంట్లో "ప్రియమైన తండ్రి", ఒక దాంట్లో "మరువలేని అత్తగారు" అని కూడా ఉంది.

"అత్తగారిగా మీరు బాగున్నారు మేస్త్రీ," అంది.

కామెన్ చెప్పాడు. బతికున్న పరాయివాడి బొమ్మ ఆ గీతల మధ్య పెడితే ఊరు ఊరుకోదు. చచ్చినవాడిది పెడితే ఇంటివాళ్లు ఊరుకోరు. అందుకని నమూనాకి అచ్చువేసేవాడి మొహమే వాడాలని ఈ పనిలో రివాజు. కామెన్‌కి ముందు తండ్రి బొమ్మ ఉండేది, ఇరవై రెండేళ్లు, కొట్టు వీధివైపు అద్దంలో.

"నాన్న నిజంగా పోయిన రోజు నేనే అచ్చువేసి తలుపుకి అంటించాను," అన్నాడు. "నమూనాని అద్దంలోంచి తలుపు మీదికి మార్చాననుకున్నారు జనం. చూసి, నవ్వుకుని, పోయారు. పాడె వెనక పదకొండు మందిమి నడిచాం. తర్వాత ఏడాది పొడుగునా ఎదురైనవాడల్లా క్షమించమన్నాడు."

అందుకే ఇప్పుడు అద్దంలో ఏమీ పెట్టడు. పుస్తకంలోనే, కింద పెద్ద అక్షరాలతో 'నమూనా' అని వేసి ఉంచుతాడు.

రాలిత్స పుస్తకం మూసింది. మర్నాడు వస్తూ రెండు బానిత్సలు, జున్ను పెట్టిన పొరల రొట్టెలు, తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టింది. ఆ తర్వాత రోజూ తెచ్చింది. పక్కనే నూలు అమ్ముకునే గీనా మామ్మ రోజూ ఆ పొట్లాం వంక చూసి, కామెన్ వంక చూసి, మెడలో శిలువ సర్దుకుని లోపలికి పోయేది.

పేయ్కా మీద వాదన మాత్రం ఆగలేదు. రాలిత్స మాట ఒకటే: స్తంభం ఊళ్లోవాళ్లకే కనిపిస్తుంది. తనకి అక్షరాలు నేర్పిన పంతులమ్మ పోయిన సంగతి తనకి ఆర్నెల్ల తర్వాత తెలిసింది, ఏ స్తంభమూ వచ్చి చెప్పలేదు. కామెన్ మాటా ఒకటే: ఫోన్లో ఒకడి చావు కింద చెప్పుల బేరం ఉంటుంది, పైన పిల్లి గెంతుతూ ఉంటుంది. ఇద్దరూ రోజూ ఓడిపోయేవాళ్లు, అది రోజూ బాగుండేది.

బాగులేనిది స్తానిమిర్. సెప్టెంబరు ఆఖరుకి కొట్టు పేయ్కాలో చేరాలి, లేదా తన సగం తనకి పంచివ్వాలి, మిషన్‌తో సహా అన్నాడు. సగం మిషన్‌తో ఎవడూ అచ్చువేయలేడు. చేరితే ఒక బాధ, చేరకపోతే కొట్టే ఉండదు. కామెన్‌కి నిద్రా తిండీ తగ్గాయి, నోరు చెడింది. ఒక శనివారం ఆ చెడిన నోటితోనే, "నీకేం? రెండు నెలలకి జీతం తీసుకుని ఇంకో కొట్టుకి పోతావు. గోడైనా ఫోనైనా నీకొకటే," అనేశాడు.

రాలిత్స ఫోన్ సంచిలో వేసుకుంది. "నేను పోతాననే కదా మీ బాధ? ఆ ముక్క సూటిగా అనడానికి ఇంత గొడవెందుకు మేస్త్రీ," అని, మధ్యాహ్నం బస్సుకి ప్లోవ్‌దివ్‌లో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. సోమవారం వస్తానని చెప్పలేదు. రానని కూడా చెప్పలేదు.

ఆదివారం కామెన్ కొండ మీద యాత్రికుల బసకి మెనూ కార్డులు తీసుకెళ్లాడు. అక్కడ ఫోన్ పలకదు. అదే మేలనుకున్నాడు.

అదే పూట స్తానిమిర్ తన తాళంతో కొట్టు తీశాడు. నమూనాల పుస్తకంలో ఒక మంచి పేజీ చూసి ఫోటో తీసి, పేయ్కాలో కొట్టు పేరుతో పెట్టేసి, ఫోన్ కార్లో పడేసి చేపలకి పోయాడు. 'నమూనా' అన్నది కాగితం అడుగున ఉంది. పేయ్కా ఏ ఫోటోనైనా నలుచదరంగా కోస్తుంది. అడుగు తెగిపోయింది. మిగిలింది కామెన్ మొహం, నల్ల గీత, "అకస్మాత్తుగా మమ్మల్ని విడిచి వెళ్లిన" అన్న మాట.

ఈసారి ఊరు మోసపోదలుచుకోలేదు. తండ్రి విషయంలో జరిగింది అందరికీ గుర్తుంది. నమూనా ఏమోనని ఒక్కరూ అనుమానించలేదు.

సాయంత్రం నాలుగింటికి సన్నటి జల్లులో కామెన్ వీధిలోకి తిరిగేసరికి తన తలుపు ముందు పూలగుట్ట. రెండేసి, నాలుగేసి, ఆరేసి. బతికున్నవాళ్లకి బేసి, పోయినవాళ్లకి సరి. అక్కడ పసిపిల్లకైనా తెలిసిన లెక్క. ఒక్క కట్టా బేసి లేదు.

గీనా మామ్మ అతన్ని చూసి, దగ్గరికొచ్చి, చెయ్యి గట్టిగా గిల్లింది. అతను అబ్బా అన్నాక నమ్మింది. "బతికే ఉన్నవాడివి ఒక మాట చెప్పి ఏడవొద్దురా," అని తలగుడ్డ కొంగుతో మొహం తుడుచుకుంది. "పొద్దుటినుంచి గోధుమలు ఉడకేసుకుని కూర్చున్నాను, నీ కర్మకాండకి."

సంగతి ఆమె నోటే తెలిసింది. కామెన్ ఒక్కో కట్టా ఏరి పక్కన పెడుతున్నాడు. అప్పుడు వీధి చివర బస్టాండు వైపు నుంచి రాలిత్స వచ్చింది. గొడుగు లేదు, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. అతన్ని చూసి అక్కడే ఆగిపోయింది. చేతిలో పసుపు చామంతులు. కామెన్ కళ్లు వద్దన్నా లెక్కపెట్టాయి. అయిదు.

"ఫోన్ చేశాను. నీకు, కొట్టుకి, మీ అన్నకి. ఎవరూ ఎత్తలేదు," అంది. ఆమె నోట 'మేస్త్రీ' పోయింది, 'మీరు' పోయింది. "నమూనానే అని బస్సెక్కాను. సగం దారిలో మీ నాన్న సంగతి గుర్తొచ్చింది. అప్పుడు కూడా అందరూ నమూనా అనే అనుకున్నారు కదా. బస్సు కొండ దిగేదాకా ఊపిరాడలేదు."

"పూలు?"

"బస్టాండులో కొన్నాను. పూలమ్మే ఆవిడ మామూలుగా అడిగింది, సరా బేసా అని. నా వెనక జనం ఆగి ఉన్నారు. నాకు తెలీదు కామెన్. ఏదో ఒకటి చెప్పాలి." చేతిలో చామంతుల వంక చూసుకుంది. "బేసి అన్నాను. నువ్వు పోయి ఉంటే ఊరంతా నన్ను తిట్టేది. తిట్టనీ అనుకున్నాను."

కామెన్ నల్ల గీతల మధ్య నాలుగు మాటలు రాయడం తప్ప ఏదీ నేర్వని మనిషి. "వెళ్లిపోకు," అన్నాడు. ఆమె ఆ తడిసిన తలని అతని భుజానికి ఆనించింది. గీనా మామ్మ గోధుమల గిన్నెలో చక్కెర కలుపుకు రావడానికి లోపలికి పోయింది.

సోమవారం స్తానిమిర్ పొంగిపోతూ వచ్చాడు. తప్పు జరిగిందట, కానీ చూశావా, ఒక్కరోజులో నాలుగు వేల మంది చూశారట. ఊళ్లో ఏ స్తంభానికి అంత బలం ఉందో చెప్పమన్నాడు.

కామెన్ రాలిత్స వైపు చూశాడు. ఆమె దాచుకోకుండా చెప్పింది: "పేయ్కా లేకపోతే నిన్న నేను వచ్చేదాన్నే కాదు. అది నిజం. నువ్వు చేరతానంటే పేజీ నేనే చేస్తాను. చేరనంటే కాగితాలు మడతపెడతాను. నన్ను చూసి మాత్రం తేల్చకు."

అతను మిషన్ ఆపి మరీ ఆలోచించాడు. "స్తంభానికి అంటించేది మనిషి, అన్నా," అన్నాడు చివరికి. "నిజమా కాదా అని పక్కింటి తలుపు తట్టి అడగొచ్చు. ఈమె మూడు గంటలు బస్సులో కూర్చుంది, అడగడానికి ఎవరూ లేక. ఆ మూడు గంటలు నాకు మేలే చేశాయి, కాదనను. కానీ ఇంకొకరి చేతిలో అవి పెట్టి డబ్బు తీసుకోలేను. చేరను."

"అయితే నా సగం పంచు."

పంచడానికి మిషన్ తప్ప కామెన్ దగ్గరున్నది ఒకటే, తల్లి వైపు నుంచి వచ్చిన ఆల్‌బుకారా తోట. స్తానిమిర్‌కి దాని మీద కన్నుందని అప్పుడుగానీ తెలియలేదు. కొట్టు సగానికి తోట సగం చాలు, లెక్కప్రకారం. మొత్తం కావాలన్నాడు, కాయలు చెట్ల మీద ఉండగానే. కామెన్ బేరమాడలేదు. రాలిత్స ఆడబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, పట్టుకున్న చెయ్యి వదలడం మర్చిపోయాడు.

గురువారం నోటరీ దగ్గర సంతకాలయ్యాయి. కొట్టు మొత్తం కామెన్‌ది, పేయ్కాలో లేదు. స్తానిమిర్ పేరు మీదికి పోయింది తోట మొత్తం: రెండు వేల మూడు వందల నలభై చదరపు మీటర్లు, అరవై మూడు చెట్లు.