మోగని చువ్వ

కుమాసి ఊరి చివర, కలప మిల్లులు దాటాక, ఒక మూడంతస్తుల మేడ ఉంది. మూడంతస్తులంటే పూర్తయిందని కాదు. నిలబడింది ఒకటే, మిగతా రెండూ ఇంకా ఆకాశంలోనే. స్తంభాల నెత్తిన తుప్పు చువ్వలు జుట్టు విరబోసుకుని ఉంటాయి. పొద్దుగూకాక ఆ దారిన పోయేవాళ్లు అటు తల తిప్పరు. ఎందుకంటే... ఆ పైన ఇనుము మోగుతుంది.

టంగ్... టంగ్... టంగ్...

ఎవరో తీరిగ్గా నడుస్తూ చువ్వ చువ్వకీ ఒక దెబ్బ వేస్తున్నట్టు.

దొంగలంటారు కొందరు. గాలంటారు కొందరు. కల్లు పాకలో అడిగితే పోయినవాళ్ల పేర్లతో సహా చెబుతారు, ఒక్కొక్కరూ ఒక్కో పేరు. నేను చెప్పేది మాత్రం మా ప్రార్థన కూటంలో బోఅహెన్ పెద్దాయన అందరి ముందూ లేచి చెప్పింది. దేవుడి ఎదుట పలికిన మాట, నేను ఒక్క ముక్క కలపను. కాస్త దగ్గరికి జరగండి.

బోఅహెన్ కడ్డీలు వంచి కట్టే మనిషి. ముప్పై ఏళ్లుగా తిరిగిన చెయ్యి. భక్తి ఉంది, మంచితనం ఉంది. ఒక్కటే లోపం — మనిషిని నమ్మడు. గుడిలో కానుకల పళ్లెం పట్టుకున్నవాడి జేబు మీద కూడా ఓ కన్నేసి ఉంచే రకం.

ఆ మేడ సెర్వా అనే ఆవిడది. బజారులో పొగచేపలు అమ్ముతుంది. మొగుడూ పోయాడు, కూతురూ పోయింది. ముగ్గురు మనవలతో కింది గదుల్లో ఉంటూనే ఏటికో గోడ చొప్పున ఇంటిని పైకి లేపుతోంది. ఆ వారం స్లాబు దాకా వచ్చారు. వీధి వైపు ఒక బాల్కనీ... చాచిన చెయ్యిలాగా, కింద ఏ స్తంభమూ లేకుండా. సరిగ్గా దాని కిందే పిల్లలు ఆడుకునే గచ్చు. తెల్లారితే కాంక్రీటు పొయ్యాలి.

అలాంటి బాల్కనీకి ఇనుము పైపొరలో ఉండాలి. అడుగుకి జారిందా... కింద ఆనించిన చెక్క పలకలు ఊడదీసిన రోజునో, నలుగురు ఎక్కి నిలబడ్డ రోజునో విరిగి పడుతుంది. అందుకే చువ్వల కింద ఇనుప కుర్చీలు పెడతారు. బెత్తెడు ఎత్తు, నాలుగు కాళ్లు, మిగిలిన కడ్డీ ముక్కలతో వంచినవి.

బోఅహెన్ పన్నెండు కుర్చీలు పెట్టాడు. తాపీమేస్త్రీ అంపొంసా వాటి వైపు రెండుసార్లు చూశాడు. అంతే, బోఅహెన్‌కి అనుమానం పట్టుకుంది. పాత ఇనుము కొనే బండి ఆ వీధిలోనే తిరుగుతోంది మరి. మధ్యాహ్నం అంపొంసా కెంకే ముద్ద తినడానికి వెళ్లగానే బోఅహెన్ పన్నెండూ లాగేసి గోతంలో దాచాడు. వాటి బదులు సిమెంటు ఇటుక ముక్కలు దూర్చాడు. అవి ఆగుతాయిలే అనుకున్నాడు. సాయంత్రం దాకా కరెంటు పైపుల వాళ్లు ఆ చువ్వల మీదే అటూ ఇటూ తొక్కి తిరిగారు. చీకటి పడబోతుంటే చువ్వలు లెక్కపెట్టుకున్నాడు, అన్నీ ఉన్నాయి. కింద ఏముందో వంగి చూడలేదు. స్తోత్రం చెప్పుకుని ఇంటికి పోయాడు.

నిద్ర పట్టలేదు. కుర్చీలైతే మంచం కింద ఉన్నాయి, మరి చువ్వలో? నడిరాత్రి లేచాడు. దీపం తీసుకోలేదు, దొంగ పారిపోతాడని. చెప్పులు విడిచి, నిచ్చెన మెట్టు మెట్టూ తడుముకుంటూ ఎక్కాడు. తల పలకల పైకి వచ్చిందో లేదో —

టంగ్...

పైకి పాకి, కదలకుండా నిలబడ్డాడు.

టంగ్... టంగ్...

చప్పుడు బాల్కనీ వైపు పోతోంది. తొందర లేదు, బెదురు లేదు. పోయి, పోయి... అక్కడ —

టప్.

మోగలేదు. ఇంకో చువ్వ. అదీ టప్.

బోఅహెన్ చీకట్లో చెయ్యి చాచి రెండడుగులు వేశాడు. చేతికి ఒక భుజం తగిలింది. చెమట పట్టిన భుజం. పట్టుకునేలోపే అవతలి చెయ్యి వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"దొరికావు తమ్ముడూ," అన్నాడు బోఅహెన్.

"దొరికింది నేనా నువ్వా?" అంపొంసా గుసగుసలాడాడు. "కుర్చీలు మింగినవాడివి చువ్వలు మింగవా అని, చీకటి పడ్డప్పటి నుంచీ ఇక్కడే కూర్చున్నాను."

"కూర్చున్నవాడివి కూర్చోక వాటిని కొట్టడమెందుకు?"

"నేనా? నువ్వు కదన్నా... కొడుతున్నది."

ఇద్దరి పిడికిళ్లూ ఇద్దరి చొక్కాల మీదే ఉన్నాయి.

టప్... అంది బాల్కనీ.

అంపొంసా చెయ్యి తనంతట తనే జారిపోయింది. బోఅహెన్ నోటికి ప్రభువు పేరు కూడా సగమే వచ్చింది. అంపొంసా ఫోను దీపం వేశాడు. అక్కడ ఎవరూ లేరు. కానీ బాల్కనీ చువ్వలన్నీ పలకల మీద పడుకుని ఉన్నాయి. ఇటుక ముక్కలు పొడిపొడి అయిపోయాయి.

గాలిలో నిలిచిన చువ్వ మోగుతుంది. చెక్క మీద పడ్డ చువ్వ మూగది. ఆ సంగతి బోఅహెన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. చువ్వల పక్కనే చతికిలబడ్డాడు.

"కుర్చీలెక్కడ?" అన్నాడు అంపొంసా.

"మంచం కింద."

"లే అన్నా."

తెచ్చారు. గోతంలో పదకొండే ఉన్నాయి. పన్నెండోదాన్ని బోఅహెన్ భార్య బొగ్గుల కుంపటి మీద గిన్నెకి ఆనుగా పెట్టింది, కాళ్లు సొట్టపోయాయి. దీపం వెలుగులో ఒకరు చువ్వ లేపితే ఒకరు కుర్చీ దూర్చారు. పదకొండూ తీగతో బిగించేసరికి తొలికోడి కూసింది. బయటి మూల ఒక్కటి మిగిలింది. వెలుతురు వచ్చాక ఇంకోటి వంచుదామని దిగిపోయారు.

కింద సెర్వా జొన్నగంజి కాస్తోంది. బోఅహెన్ ఏదీ దాచలేదు, తలొంచుకుని అంతా చెప్పాడు. ఆమె గరిటె పక్కన పెట్టింది. గదిలో నిద్రపోతున్న పిల్లల వైపు చూసింది.

"పైకి పదండి," అంది. "ఒక్కొక్కటీ నా ముందు కొట్టి వినిపించండి."

పటకారుతో కొట్టాడు బోఅహెన్. టంగ్. టంగ్. పదకొండు చోట్లా మోగింది. బయటి మూలకి వచ్చాక చెయ్యి ఆపి, అక్కడింకా పెట్టలేదమ్మా అన్నాడు. కొట్టమంది. కొట్టాడు.

టంగ్...

అంపొంసా బోర్లా పడుకుని చూశాడు. చువ్వ కింద కుర్చీ ఉంది. నున్నటి కడ్డీది. ఆ ఊళ్లో అలాంటి కడ్డీ దొరక్క ఇరవై ఏళ్లయింది, ఇప్పుడన్నీ గీతల కడ్డీలే. దాని చుట్టూ తీగ మాత్రం కొత్తది, మెరుస్తోంది. బోఅహెన్ వంగి ఆ ముడిని చూశాడు... తీగ మెలి ఎడమకి తిరిగి ఉంది. అతనిది కుడిచేతి మెలి. అంపొంసాకి తీగ కట్టడమే చేతకాదు.

"ఇది కట్టిందెవరు?" అంది సెర్వా.

కింద కంకర కలిపే యంత్రం మొదలైంది. బోఅహెన్ విప్పి చూద్దామని పటకారుని ముడి దాకా తెచ్చాడు... వెనక్కి తీసుకున్నాడు.

"పొయ్యండి," అన్నాడు.