నారమ్మ చెప్పిన అబద్ధం

2071 నాటికి పాలరేవు ఉప్పుకాలనీ బడిలో హాజరు గోడే వేసుకుంటోంది. పిల్లలు కళ్ళద్దాలు తగిలించుకుని సముద్రం అడుగున నడుస్తున్నట్టే పాఠం వింటున్నారు. ఇంత జరిగినా తొమ్మిదో తరగతిలో ఆడపిల్లల బల్లలు సగం ఖాళీ. అది చూసి డాక్టర్ వకుళకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఖాళీలు పోగొట్టడానికే తొమ్మిదేళ్ళు కష్టపడి ఆమె చేసిన యంత్రం, ఆ బడి వరండాలోనే ఉంది మరి.

దాని పేరు తంతుముద్రణి. పిల్లలు మాత్రం నారమ్మ అంటారు. అరటి బోదెల నార తీసుకుని, నలభై సెకన్లలో శానిటరీ ప్యాడ్ అచ్చువేసి ఇస్తుంది. పైసా అక్కర్లేదు, ఎవరినీ నోరు తెరిచి అడగక్కర్లేదు. అరచెయ్యి ఆనిస్తే చాలు. చెమటలోని హార్మోన్లను దాని స్వేదగ్రాహకం చదివి, నెలసరి ఎప్పుడొస్తుందో గంట తేడా లేకుండా చెబుతుంది. చింకి గుడ్డలతో అవస్థపడలేక బడి మానేసే పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

"నారమ్మా, నీలో ఏమైనా చెడిందా?"

"లేదు డాక్టర్. మీరు చెప్పినట్టే మూడు రోజుల ముందే తల్లుల చేతిపట్టీలకు కబురు పంపుతున్నాను."

"మరి పిల్లలేరీ?"

"కబురు వెళ్ళిన రోజునుంచే రావడం లేదు. ఇదివరకు నెలకు ఐదు రోజులు మానేవారు. ఇప్పుడు ఎనిమిది."

వకుళకు తన పొరపాటు తెలిసొచ్చింది. తల్లికి తెలిస్తే బిడ్డకు ధైర్యం అనుకుందే తప్ప, ఈ కాలనీ సంగతి కనుక్కోలేదు. నెలసరి రోజుల్లో ఆడది ఉప్పుమడి గట్టు తొక్కితే మడిలో ఉప్పు నల్లబడుతుందని ఇక్కడి నమ్మకం. బడికి దారేమో ఆ గట్ల మీదుగానే. అందుకని రేకుల షెడ్డులో కూర్చోబెడతారు. ఇప్పుడు కబురు ముందే అందుతోంది గనక, ముందే కూర్చోబెడుతున్నారు.

మర్నాడే సాగర విద్యాలయం ప్రవేశపరీక్ష, ఈ బడిలోనే. కాలనీ మొత్తంలో దానికి ఎంపికైంది పైడిరత్నం ఒక్కతే. ఆ పిల్ల మొన్నటినుంచి షెడ్డులో ఉంది.

వకుళ పరుగున వెళ్ళింది. షెడ్డు ముందు పిల్ల తల్లి పోలమ్మ కూర్చుని ఉంది.

"ఇంకా రాలేదుగా పోలమ్మా, పరీక్షకు పంపు."

"గట్టుమీద ఉండగా వొచ్చేస్తే? ఊరి ఉప్పంతా నల్లబడితే నన్ను బతకనిస్తారేటమ్మా? మీ నారమ్మే సెప్పినాది. అది అబద్దమాడదు గదా."

"ఒక్క పూటేనే అమ్మా," అంది లోపలినుంచి పైడిరత్నం.

ఉప్పు ఎందుకు నల్లబడదో వకుళ అరగంట వివరించింది. చెవిటివాడి ముందు శంఖమే అయింది. తిరిగొచ్చి వరండాలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, యంత్రం ముందు ఆగింది.

"పైడిరత్నం తల్లికి ఇంకో కబురు పంపు. లెక్క తప్పింది, ఇప్పట్లో కాదు అని."

"అది నిజం కాదు డాక్టర్. రేపు పదకొండు గంటలకు..."

"తెలుసు. పంపు."

అన్నాక ఆమెకే సిగ్గేసింది.

మర్నాడు పరీక్ష జరిగినంతసేపూ వకుళకు కాలు నిలవలేదు. పదకొండు దాటాక పైడిరత్నం ఒకసారి బయటికొచ్చి, నారమ్మ దగ్గర ప్యాడ్ తీసుకుని, మళ్ళీ వెళ్ళి రాసింది. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి గౌను వెనక చిన్న మరక. వరండాలో పోలమ్మ, మడుల్లోంచి వచ్చిన మరో పదిమంది ఆడవాళ్ళు. అందరూ చూశారు.

"తప్పు నాది. పిల్లనేం అనొద్దు," అంది వకుళ కంగారుగా.

పోలమ్మ తాపీగా తన తువ్వాలు తీసి కూతురి నడుముకు కట్టింది. "తప్పేటి? నారమ్మ కాదన్నాది. కాదంటే కాదు."

"నీ కళ్ళతో చూశావుగా!"

"నా కళ్ళదేటుంది? ఇరవయ్యేళ్ళగా సూస్తన్నాను. ఆ గట్టు ఎన్నిసార్లు సెప్పకుండా తొక్కీలేదు, ఉప్పేటన్నా అయిందా? నా మాట ఎవులింటారు? యంత్రం మాటైతే మా అత్త ఇంటాది." పోలమ్మ గబుక్కున తన అరచెయ్యి నారమ్మ మీద ఆనించింది. "నాకూ కాదని ఒక కబురిప్పించమ్మా. ఆ రేకుల కింద ఇంక కూకోలేను."

ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళూ వరసకట్టారు.

"డాక్టర్, ఈమెకు ఎల్లుండి," అంది నారమ్మ. "ఏం చెప్పను?"

గంట తేడా కూడా రాకూడదని తొమ్మిదేళ్ళు ఆ యంత్రంతో తంటాలు పడిన వకుళ, ఆ వరసను చివరిదాకా చూసింది.

"కాదని చెప్పు," అంది.