తోక దగ్గర దొరికినవాడు

"హంతకుడు బంధువుల్లో ఒకడిగా వస్తాడు. ముఖం ఎవరికీ తెలీదు. కేక్ కోసేలోపు పట్టుకోవాలి," అన్నాడు చీఫ్.

పదకొండింటికి ఏజెంట్ డేగ హోటల్ హాల్లో లాప్‌టాప్ ముందున్నాడు. వేషం, వంశవృక్షం సాఫ్ట్‌వేర్ టెక్నీషియన్. రాకెట్ శాస్త్రవేత్త ఎనభయ్యో పుట్టినరోజుకు వచ్చిన చుట్టాలందరికీ డేగ తీసే వంశవృక్షం రిపోర్ట్‌లోని పేర్లతోనే బ్యాడ్జీలు.

ఎదురుగా ఏజెంట్ చిరుత, అతని పక్కన నెమలి. శత్రు ముఠాలో ఉంటూ మనకు సమాచారం ఇస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. ఇవాళ ఇద్దరిదీ భార్యాభర్తల వేషం. చిరుత చెయ్యి ఆమె నడుం మీద.

డేగకు ఒళ్లు మండిపోయింది. మూడేళ్లుగా ఆమె కోసం పడిగాపులు పడుతున్నది తను!

"చెయ్యి తియ్యి. ఓవరాక్షన్," మైక్‌లో గొణిగాడు.

"నటన బాబూ. నువ్వు స్క్రీన్ చూసుకో," చెవిలో చిరుత నవ్వు.

పళ్లు నూరుతూ చూశాడు. రిపోర్ట్‌లో అందరికంటే అడుగున, కుటుంబంతో కలవకుండా ఒక పేరు. ఇంటిపేరు, 'ది ఫోర్త్'!

సాఫ్ట్‌వేర్ తప్పే. పేరు చివరి తోకను ఇంటిపేరనుకుంది. దాన్ని సఫిక్స్ గడిలోకి మార్చాడు. పేరు ఎగిరి దూరపు శాఖలో తన చోట పడింది. పైన సీనియర్, జూనియర్, ది థర్డ్. తండ్రి పేరే కొడుక్కి పెట్టుకుంటూ వచ్చిన శాఖ.

ది థర్డ్ ఆరేళ్లకే చనిపోయాడు.

ఆరేళ్లకే పోయినవాడికి కొడుకెక్కడి నుంచి వచ్చాడు?

తలెత్తాడు. ఆ బ్యాడ్జీ పెట్టుకున్నవాడు అప్పటికే వృద్ధుడి ముందు వంగాడు. "తాతయ్యా, ఈ పువ్వు మీ కోటుకి పెడతాను." వేళ్ల మధ్య పిన్ను మెరిసింది. కొనన తడి.

డేగకు వాడు ఇరవై అడుగుల దూరం. చిరుతకు రెండడుగులు. చెబితే పేరంతా చిరుతకే. నెమలి కళ్లలో మెప్పూ చిరుతకే.

ఒక్క క్షణం. మైక్‌ను నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"చిరుతా! పువ్వు పట్టుకున్నవాడు! పిన్నుకి విషం!"

పిన్ను కోటును తాకబోతుండగా చిరుత వాడి మణికట్టు విరిచేశాడు.

హాలంతా చప్పట్లు. చీఫ్ చిరుతను కౌగిలించుకున్నాడు. డేగ వైర్లు చుట్టుకుంటున్నాడు.

నెమలి వచ్చి బల్లమీద చెయ్యి ఆనించింది.

"నువ్వు వాణ్ణి చూశాక ఒక్క క్షణం ఆగావు. నేను చూశాను. ఎందుకు?"

"సాఫ్ట్‌వేర్ కొంచెం స్లో," అన్నాడు డేగ.