కోట్లు విప్పని పెద్దమనుషులు

నేను చెప్పే కథల్లో అబద్ధం ఒక్కటంటే ఒక్కటి ఉండదు. వెల్డన్ రేవు పొడుగునా ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. ఇందులో వెంట్రుకవాసి కల్పన దొరికితే, ఇదిగో, నా మీసం తీసి మీ చేతిలో పెడతాను. ఇక వినండి.

సర్ ఆంబ్రోజ్ హార్కట్ శవం పడవల షెడ్డు కింద, నీళ్లలో బోర్లా తేలుతూ దొరికింది.

జులై మొదటి శనివారం. వెల్డన్ పడవ పందేల ఆఖరి రోజు. మధ్యాహ్నం ఒకటిన్నర. నెత్తిన పెనం బోర్లించినట్టు ఎండ. థేమ్స్ నది ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుంది.

చావు కబురు తెలిసినా పందేలు ఆగలేదు. బ్యాండు ఆగలేదు. స్ట్రాబెర్రీ గిన్నెలు ఆగలేదు. వెల్డన్‌లో పందెం ఆగాలంటే నదే ఎండాలి.

ఇన్‌స్పెక్టర్ గ్వెన్ టాప్లీ కారు దిగి ఎన్‌క్లోజర్ గేటు దగ్గరికొచ్చింది. తెల్ల కంచె లోపల పచ్చిక. సభ్యులూ, వాళ్లు పిలిచినవాళ్లూ తప్ప నరమానవుడు అడుగు పెట్టడానికి లేదు. మగవాళ్లకి టై తప్పదు. ఆడవాళ్ల గౌను మోకాలు దాటాలి. ఫోను బయటికి తీస్తే మనిషి కూడా బయటికే. గేటు కాపలావాడు ఆవిడ ప్యాంటు వంక ఎగాదిగా చూశాడు. ప్యాంటు ఈ మధ్యే ఒప్పుకున్నారని గుర్తొచ్చి పక్కకి తప్పుకున్నాడు.

గ్వెన్ లోపలికి కాలు పెట్టింది.

"వెల్డన్‌కి స్వాగతం," అన్నాడు సర్ ఆంబ్రోజ్.

ఆవిడ కాలు గాల్లోనే ఆగింది.

"దయచేసి ఫోన్లు జేబుల్లోనే ఉంచండి. నది మీదే కళ్లుంచండి."

గేటు స్తంభానికి లౌడ్‌స్పీకర్. చచ్చినవాడి గొంతు నిదానంగా, మర్యాదగా పలుకుతోంది. ఆవిడ వెనకాల వచ్చినవాళ్లకీ అదే స్వాగతం.

"ఎవరైనా ఆపండయ్యా దాన్ని!"

"నా వల్ల కాదు మేడమ్. ఫెలిక్స్ బాబుగారు కంప్యూటర్‌తో చేయించారు. ఆపడం కూడా ఆయనకే తెలుసు," అన్నాడు కాపలావాడు.

షెడ్డు దగ్గర సార్జెంట్ ఓక్స్ ఎదురొచ్చాడు. భారీ మనిషి. చెమటతో కాలరు నానిపోయి ఉంది.

"తల వెనక తెడ్డు దెబ్బ మేడమ్. తర్వాత నీళ్లలోకి తోసేశారు. చల్లటి నీళ్లు, పైన ఈ ఎండ. టైము తేల్చలేనంటున్నాడు డాక్టరు. కానీ మన పని తేలికే. ఒంటిగంటకి పెద్దాయన బతికే ఉన్నాడు."

"ఎవరు చూశారు?"

"చూడలేదు. విన్నారు. ఎన్‌క్లోజర్ మొత్తం విన్నది. షెడ్డు పక్కన ఆ చిన్న గది చైర్మన్‌ది, అంటే ఈయనదే. మైకు అందులోనే. 'పెద్దమనుషులు జాకెట్లు విప్పవచ్చు' అని ఆయన గొంతే వినపడింది. ఎంత ఎండైనా చైర్మన్ ఆ అనుమతి ఇచ్చేదాకా ఒంటిమీద బట్ట తీయడానికి లేదట ఇక్కడ."

మీరు నవ్వుతారని నాకు తెలుసు. మన వైపు జాకెట్టు ఎవరు తొడుక్కుంటారో చిన్నపిల్లాడికీ తెలుసు. అక్కడ మగవాడి కోటుకి కూడా ఆ పేరుంది మరి, నేనేం చేయను? నవ్వింది చాలు. శవం ఇంకా తడిగా ఉంది.

"ఒంటిగంట తర్వాత ఇటు ఎవరొచ్చారు?"

"ఒక్కరే. మార్నీ స్నెల్. అద్దె గౌన్లు వేసుకుని ఫోన్లో చూపిస్తుంది, లక్షమంది చూస్తారట. పొద్దున గౌను పొట్టిదని సర్ ఆంబ్రోజే గేటు దగ్గర ఆపేశాడు. నదిలో తోసేస్తానని అందరి ముందూ అరిచింది. ఆమె టోపీ రిబ్బను ఈ తలుపు మేకుకే దొరికింది."

అప్పుడే గ్వెన్ ఫోను మోగింది. అవతల సూపరింటెండెంట్.

"ఆరింటికి బహుమతి ప్రదానం. లార్డులూ లేడీలూ ఉంటారు. ఆ లోపు ఆ పిల్ల మీద కేసు కట్టెయ్, గ్వెన్."

"పిల్లతో ఇంకా మాట్లాడలేదు సర్."

"మాట్లాడు. మాట్లాడి కట్టెయ్."

మార్నీ ప్రథమ చికిత్స టెంట్లో కూర్చునుంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఎవరో నర్సు ఇచ్చిన తువ్వాలు మోకాళ్ల మీద కప్పుకుంది.

"నదిలో తోసేస్తానన్నావా?"

"అన్నాను మేడమ్. కోపంలో. ఫోటోలో ఆ గౌను మోకాలు కిందికే ఉంది. నేను పొడుగు పుట్టడం కూడా నేరమేనా?"

"ఒంటిగంట తర్వాత షెడ్డు దగ్గరికెందుకు వెళ్లావ్?"

"కంచె బయట మైకు విన్నాను. ముసలాయన మనసు కరిగిందని చుట్టూ అందరూ కేకలు. ఇదే సమయం, బతిమాలితే నన్నూ రానిస్తాడేమో అనుకుని నది గట్టు వెంబడి వెళ్లా, అటు కంచె లేదు. తలుపు కొట్టా. పలకలేదు. తిరిగొస్తుంటే మేకుకి టోపీ చిక్కుకుంది. అంతే. ఒట్టు."

"అంత అవమానించినవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లాలా?"

ఆ పిల్ల తువ్వాలు అంచు సర్దుకుంది.

"మా ఊళ్లో శనివారం అంటే బస్టాండు పక్కన బీరు. ఇక్కడ ఇంతమంది కలిసి ఒక ఆట ఆడతారు మేడమ్. టోపీ ఇలా, నడక అలా. పిచ్చి రూల్సే. కానీ రూల్సు తెలిస్తే చాలు, నేనూ వాళ్లలో ఒకదాన్నే అనిపిస్తుంది. ఒక్క రోజుకి. నా వీడియోలు చూసేవాళ్లందరూ అందుకే చూస్తారు." తలెత్తి చూసింది. "నన్ను జైల్లో పెడతారా?"

గ్వెన్ లేచింది.

పచ్చిక మీదికి నడిచింది. పడమట నల్లటి మబ్బు ఒకటి నది మలుపు దగ్గర కాచుకుని కూర్చుంది. గాలి లేదు. కుర్రకారంతా చొక్కాలతో ఉన్నారు. భుజాన కోటు, చేతిలో గ్లాసు. వాళ్ల మధ్య తెల్ల చొక్కాలో ఫెలిక్స్ హార్కట్. పోయినాయన తమ్ముడి కొడుకు. టోరంటోలో పెరిగాడు. ఏడేళ్ల క్రితం వచ్చి కమిటీలో చేరాడు. వెల్డన్‌కి కొత్త జనాన్ని రప్పించిందీ, వాళ్లకి టోపీలు, రూల్సు నేర్పిందీ అతనే.

"మీ పెదనాన్నని ఆఖరున ఎప్పుడు చూశారు?"

"పన్నెండు దాటాక, ఆయన గదిలో. తర్వాత నేను భోజనాల టెంట్లో ఉన్నాను. పన్నెండున్నర నుంచి రెండు దాకా. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందర్నీ అడగండి. మైకు మోగినప్పుడు నా నోట్లో చేప ముక్క ఉంది."

"ఆశ్చర్యపోయారా?"

"పోకుండా ఎలా ఉంటాను? పెదనాన్న చైర్మనయ్యాక ఒక్కసారైనా ఆ అనుమతి ఇచ్చి ఎరగడు. చనిపోయే ముందు మనిషి మెత్తబడతాడంటారు కదా, ఇన్‌స్పెక్టర్."

ఆ మాట గ్వెన్‌కి చెవిలో చీమలా దూరింది. అటు తిరిగింది. అప్పుడు చూసింది.

నది గట్టున కర్రకుర్చీల్లో ముసలి సభ్యులు. వరసగా. అందరికీ కోట్లున్నాయి. బొత్తాలు కూడా పెట్టే ఉన్నాయి. మొహాలు ఉడికిన బీట్‌రూటు రంగులో ఉన్నాయి. చెమట గడ్డాల మీంచి టై మీదికి కారుతోంది. ఒక్కడూ విప్పలేదు.

వాళ్లలో పెద్ద, మేజర్ పెట్టిఫర్. ఎనభై దాటిన మనిషి. సర్ ఆంబ్రోజ్‌తో కలిసి తెడ్డు వేసినవాడు.

"అనుమతి వచ్చింది కదా మేజర్ గారూ, వడదెబ్బ తగులుతుంది, విప్పండి."

"వచ్చిందా?" అన్నాడు ఆయన నదిని చూస్తూ.

"మీరు వినలేదా?"

"విన్నాను. అందరం విన్నాం. కానీ వచ్చినట్టు అనిపించలేదమ్మా. ఎందుకంటావేమో, నాకూ తెలీదు. చేయి బొత్తాం దాకా వెళ్లి ఆగిపోయింది." పక్కవాళ్లు తలలూపారు. "ఆంబ్రోజ్ ఇవాళ సాయంత్రం ఫెలిక్స్‌ని కమిటీలోంచి తీసేయబోతున్నాడు. నాతో చెప్పాడు. నదినే టికెట్లుగా కోసి అమ్మేట్టున్నాడు వీడు అన్నాడు. అలాంటి మనిషి పొద్దున తిట్టి, మధ్యాహ్నం కరుణించాడంటే..."

మాట పూర్తికాకుండానే ఓక్స్ వచ్చాడు. చేతిలో అట్ట ప్లేటు. అందులో పొట్టుతో కాల్చిన పెద్ద బంగాళాదుంప, మధ్యలో కరిగిన వెన్న. ఆ పొట్టుని కూడా జాకెట్టనే అంటారు అక్కడ.

"క్షమించండి మేడమ్, పొద్దున్నుంచీ తిండి లేదు. కంచె బయట అమ్ముతుంటే..."

మేజర్ ఆ ప్లేటు వంక చూశాడు. మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది.

"జాకెట్ పొటాటో! ఆంబ్రోజ్ ఉంటే ఇప్పుడొక మాట అనేవాడు. వాళ్ల నాన్న మాట. 'జాకెట్టు దుంపకుంటుంది. పెద్దమనిషికి కోటుంటుంది' అని. ఆ ముక్క నోట పలికినవాణ్ణి గట్టు మీంచి..."

ఆగిపోయాడు. నవ్వు చచ్చిపోయింది. చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు.

గ్వెన్ మెల్లగా వంగి అడిగింది. "మేజర్ గారూ. ఈ అనుమతి మీరు ఇంతకు ముందు విన్నారా?"

"ఒక్కసారి. పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండల్లో. ఆంబ్రోజ్ వాళ్ల నాన్న చైర్మన్ అప్పుడు. ఇక్కడున్న మేమందరం విన్నాం."

"ఏ మాటలతో?"

ఆయన చెప్పాడు.

గ్వెన్ నిలబడింది. "ఓక్స్, ఆ దుంప వదిలెయ్. గేటు దగ్గర గొంతు ఏ కంప్యూటర్లోంచి వస్తోందో చూడు. పరుగెత్తు."

ఆరింటికి వెండి కప్పులు బల్ల మీద వరసగా పెట్టారు. మబ్బు సగం ఆకాశం మింగేసింది. వెలుతురు రాగి రంగుకి తిరిగింది. కప్పుల ముందు మైకు. ఒక పక్క కోట్లు విప్పని ముసలివాళ్లు, ఒక పక్క విప్పిన కుర్రవాళ్లు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య మార్నీ, తువ్వాలుతో. సూపరింటెండెంట్ వాచీ చూసుకుంటున్నాడు.

"చిన్న సాయం ఫెలిక్స్ గారూ," అంది గ్వెన్. "ఒంటిగంటకి మీ పెదనాన్న ఇచ్చిన అనుమతి, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒకసారి చెబుతారా? రికార్డు కోసం."

ఫెలిక్స్ భుజాలెగరేసి మైకు ముందుకి వంగాడు.

"పెద్దమనుషులు జాకెట్లు విప్పవచ్చు."

ముసలివాళ్ల కుర్చీల వరసలో చిన్న కదలిక. గాలి లేని చోట ఆకు కదిలినట్టు. ఎవరో గొంతు సవరించుకున్నారు. అంతే. కానీ ఫెలిక్స్ విన్నాడు. ఏదో తప్పు జరిగిందని తెలిసింది. ఏమిటో తెలీలేదు.

"మేజర్ గారూ, డెబ్బై ఆరులో ఏమన్నారు?"

"కోట్లు," అన్నాడు మేజర్. "పెద్దమనుషులు కోట్లు విప్పవచ్చు. జాకెట్టనే మాట హార్కట్ల నోట రాదు. ఆంబ్రోజ్ నోట అసలే రాదు."

"ఒక్క మాట!" ఫెలిక్స్ నవ్వబోయాడు. "ఒక్క మాట పట్టుకుని..."

"మీకు ఇక్కడి రూల్సన్నీ తెలుసు," అంది గ్వెన్. "గౌను ఎంత పొడుగు, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, అన్నీ. ఈ ఒక్కటి మాత్రం వినే అవకాశం రాలేదు. మీరొచ్చాక ఎవరూ అనలేదు కనక. అందుకని మీ మాట ఆయన నోట్లో పెట్టారు. మీ కుర్రవాళ్లు కోట్లు విప్పారు. ఈ పెద్దలు విప్పలేదు. ఎందుకో వాళ్లకే తెలీదు, కానీ వాళ్ల చేతులకి తెలుసు. చైర్మన్ మాట్లాడలేదని."

"ఆయన గొంతు అందరూ విన్నారు!"

"నేనూ విన్నాను. ఆయన చచ్చి నీళ్లలో తేలాక గేటు దగ్గర నాకు స్వాగతం చెప్పాడు."



ఓక్స్ ముందుకొచ్చాడు. చంకలో కంప్యూటర్.

"ఫెలిక్స్ గారి టెంట్లో దొరికింది మేడమ్. సర్ ఆంబ్రోజ్ గొంతు నేర్చుకుంది ఇది. ఏం రాసిస్తే అది ఆయనలాగే పలుకుతుంది. గేటు స్వాగతం ఒకటి. రెండోది ఒంటిగంటకి దానంతటదే మైకులో మోగేలా పెట్టి ఉంది. చెరిపాడు. సరిగ్గా చెరపలేదు."

"పన్నెండు దాటాక గదిలో మీరిద్దరే," అంది గ్వెన్. "కమిటీలోంచి తీసేస్తానన్నాడు. తెడ్డు చేతికందింది. తర్వాత ఈ కంప్యూటర్ ముందు కూర్చుని, భోజనానికెళ్లి, చనిపోయిన మనిషిని ఒంటిగంట దాకా బతికించారు. ఆ గొంతు విని ఈ పిల్ల ఆశపడి తలుపు కొట్టింది. ఎర వేయకుండానే చేప పడింది మీకు."

ఫెలిక్స్ మార్నీ వైపు చూడలేదు. నది వైపు చూశాడు.

"ఆయన మారడు," అన్నాడు చాలా మెల్లగా. "వెల్డన్ చచ్చిపోతోంది. నేను బతికిస్తున్నాను. ముసలాడికి అర్థమయ్యేది కాదు."

సంకెళ్ల చప్పుడు ఎన్‌క్లోజర్ చివరిదాకా వినపడింది. సూపరింటెండెంట్ వాచీ చేయి వెనక్కి దాచుకున్నాడు.

కానిస్టేబుళ్లు పక్కకి తప్పుకోగానే మార్నీ ఒక్కతే నిలబడిపోయింది. ఎటు పోవాలో తెలీనట్టు గేటు వైపు తిరిగింది. మేజర్ లేచి వచ్చి తన మోచెయ్యి అందించాడు.

"ఎక్కడికమ్మాయ్? ఇవాళ నువ్వు నా అతిథివి. ఆ తువ్వాలు మాత్రం తీయకు. మోకాళ్లు కనపడితే నన్నూ గెంటేస్తారు."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. మేజర్ ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టి మైకు దగ్గరికి నడిచాడు. పడమట ఉరుము ఒకటి దొర్లింది.

"ఆంబ్రోజ్ కోసం," అన్నాడు. "పెద్దమనుషులు కోట్లు విప్పవచ్చు."

ముసలివాళ్లు ఒకరొకరే లేచారు. బొత్తాలు తీశారు. తడిసిన కోట్లు ఒంటి నుంచి ఊడదీసి చేతుల మీద వేసుకుని, వట్టి చొక్కాలతో నది వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు పడింది మొదటి చినుకు.

బాగుంది కదూ? ఆ ముగింపు నాది.

మేజర్ మైకు దగ్గరికెళ్లిన మాట నిజం. ఆ మాట అన్నదీ నిజమే. కానీ మేజర్ చైర్మన్ కాదు కదా? చైర్మన్ పోయాడు, కొత్త చైర్మన్ని ఇంకా ఎన్నుకోలేదు. ఒక్కడంటే ఒక్కడు బొత్తాం మీద చెయ్యి వేయలేదు. మేజర్ కూడా వేసుకున్న కోటుతోనే వెళ్లి మార్నీ పక్కన కూర్చున్నాడు. వాన మాత్రం నిజంగానే కురిసింది. వాళ్లు అందులో తడుస్తూ చివరి కప్పు దాకా కూర్చున్నారు.

మీసం సంగతంటారా? నాకు మీసం ఎప్పుడుంది గనక?