ఏడుగుండ్ల పాతర

ఆ పొద్దున సూర్యుడు గుడి కట్టాడు. చైత్రంలో అలా కట్టడం సుంకన్న ఎన్నడూ చూడలేదు. బూడిదరంగు ఆకాశంలో ఎర్రటి వలయం. దాని కింద, కనుచూపు మేర గడ్డిపోచ లేని నేల మీద, ఏడుగుండ్లనే బండరాళ్లు నల్లగా కూర్చుని ఉన్నాయి.

ఉగాది మర్నాడు. బండల ఫ్యాక్టరీకి సెలవు. సుంకన్న మోటారుసైకిలు వెనక వదిన లింగక్క కూర్చుంది. ముందు బండి మీద ఆమె తమ్ముడు తిప్పన్న. నిన్న కుందేలును తరుముతూ పోయి, గుండ్ల నడుమ గుహ వాకిట్లో ఇసుకలో తేలిన కిర్రుచెప్పును ఏరుకొచ్చినవాడు అతడే. మడమకు కొట్టిన ఇనుపబిళ్ల చూడగానే లింగక్క గుర్తుపట్టింది. తొమ్మిదేళ్ల కిందట ధనం తెస్తానని పోయి తిరిగిరాని తన మొగుడు బీరప్పది. బీరప్ప సుంకన్నకు తోడబుట్టిన అన్న. ఉన్నాడో పోయాడో తెలియక, బొట్టు పెట్టుకునే ప్రతి పొద్దునా ఆమె చేయి ఒక్క క్షణం ఆగేది.

"అక్కకు మనిషి గావాల, నాకు ధనం గావాల. నీకేం గావాల బావా?" అని అరిచాడు తిప్పన్న.

"నువ్వు నోరు మూసుకుంటే సాలు."

ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి. దిగి తోశారు, మళ్లీ ఎక్కారు. గుండ్ల మధ్యకు రాగానే రెండు బండ్ల చప్పుడు రాళ్లకు తగిలి మూడు బండ్లదయింది. ఇంజన్లు ఆపారు. మూడోది ఇంకాస్త దూరం నడిచి, తీరిగ్గా ఆగింది.

ఆ గుహలో ధనానికి కాపలా ఉన్న దెయ్యం, తెచ్చిన ప్రతి దీపాన్నీ నోటితో ఊది ఆర్పుతుందని ఊరంతా చెబుతుంది. అందుకే బీరప్పను వెతికినవాళ్లు కూడా లోపలికి పోలేదు. లింగక్క మాత్రం చిమ్నీ లేని కిరసనాయిలు బుడ్డి తెచ్చింది. ముగ్గురూ మోకాళ్ల మీద పాకారు. ముప్పై బారలు పోయాక, మూతబండ పక్కకు జరిపిన గుండ్రటి గుంత నోరు తెరుచుకుని ఉంది.

సుంకన్న బుడ్డిని తాడుకు కట్టి దింపాడు. నిలువెత్తు దిగిందో లేదో, దీపం ఆరిపోయింది. ఆకు కదిలేంత గాలి లేదు. వత్తి పొగ పైకి రాలేదు. నీళ్ల మీద పాచిలా అక్కడే అడ్డంగా పరుచుకుంది.

"ఇంకోసారి దింపు సుంకా," అంది లింగక్క.

మళ్లీ అక్కడే. జానెడు అటూ ఇటూ కాలేదు.

"ఊదింది, చూసినావా!" తిప్పన్న నడుముకు అప్పటికే తాడు చుట్టుకున్నాడు. "ఈ బ్యాటరీ లైటును ఊదమను చూద్దాం!"

గోడకు తొలిచిన మెట్లలో కాళ్లు పెడుతూ దిగాడు.

"తళతళలాడతాండాది బావా! కుండలు... కుండ..."

మాట తెగింది. తాడు ఒక్కసారిగా బరువెక్కింది.

లింగక్క పరుచుకున్న పొగ వైపే చూస్తోంది. ఆమె తండ్రి జొన్నలు దాచిన నేలగుంతలు, పాతర్లు తీసేవాడు. ముందు దీపం దింపి, అది ఆరకుండా ఉంటేనే మనిషిని దింపేవాడు.

"దెయ్యం గాదు! పాతరలో నిలిచిన ఇసపు గాలి! గుంజు సుంకా, గుంజు!"

ఇద్దరూ బండకు కాళ్లు తన్ని లాగారు. అరచేతుల తోలు లేచింది. తిప్పన్న తల బయటపడింది, కళ్లు తేలేసి ఉన్నాయి. చంకల్లో చేతులు వేసి గుహ వాకిట్లోకి ఈడ్చారు. చెంపలు వాయించగా వాయించగా దగ్గి, కక్కి, గాలి పీల్చాడు.

అతని లైటు మాత్రం గుంత అడుగున వెలుగుతూనే ఉంది. సుంకన్న వెనక్కి పాకి, ఊపిరి బిగబట్టి తొంగిచూశాడు. పగిలిన కుండలో పచ్చటి మెరుపు. పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్న ఎముకల మనిషి. కాళ్లకు చెప్పు ఒకటే. ఒడిలో తుప్పు పట్టిన బ్యాటరీ లైటు.

దెయ్యం దీపాన్ని ఆర్పుతుందంటే, ఆర్పడానికి వీలుకాని దీపం కొనుక్కుని దిగాడు అన్న. ఆరిపోతూ దిగొద్దని చెప్పే ఆ ఒక్క నోటినీ దెయ్యమనుకున్నాడు.

లింగక్క కూడా వంగి చూసింది. ఏడవలేదు.

వాకిట్లోంచి తిప్పన్న గొంతు పీలగా వచ్చింది. "ఫ్యాను తెచ్చి కొడితే ఆ గాలి పోతాది గదక్కా... రేపు వచ్చి..."

"మూత ఎయ్ సుంకా. అది మీ అన్న సమాధి."

"లోపల లైటు ఎలగతాండాది వదినా."

"ఎలగనీ."

సుంకన్న బండను జరిపాడు. అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత మిగిలింది.

బయట గుండు నీడలో లింగక్క సద్ది మూట విప్పింది. పండుగకు చేసిన తీపి ఓళిగలను పక్కకు నెట్టి సంగటి ముద్దలు తీసింది.

"వదినా," అన్నాడు సుంకన్న, నేల చూస్తూ. "ఆ పొద్దు వెతకను వచ్చి, నేను మొదటి గుండు కాడే ఎనక్కి తిరిగినా. ఎవరికీ చెప్పలే."

ఆమె అతని చేతిలో ముద్ద పెట్టింది.

"లోపలికి పోయుంటే నువ్వూ దిగుంటావులే. తిను."

తమ్ముడికొకటి పెట్టి, తనకొకటి తీసుకుంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.