వెలగని నియాన్

తలుపు తీసేసరికి ఒక యువతి చేతిసంచిని గుండెకు అదుముకుని నిలబడి ఉంది.

“ఆరా మాస్టారు ఉన్నారా? సాయంత్రం విచారణ. నన్ను దోషిని చేసేస్తారండీ!”

సైన్సు పాఠాలు మానేసి నేరాల ఆరా తీయడం మొదలుపెట్టాక మాస్టారికి స్థిరపడిన పేరది. ఆయన అల్లుడే ఆయన సహాయకుడు. మామగారి బుర్ర మీద అతనికి గురి ఎక్కువ. అతను కుర్చీ లాగి మంచినీళ్ళు ఇచ్చాడు. ఆమె ఒక్క గుక్కలో తాగేసి మాస్టారి వైపు తిరిగింది.

“ఫ్యూజన్ పరిశోధనశాలలో గ్యాస్ ఇంజనీరునండి. యంత్రంలో సూర్యుడిలా కాగే ప్లాస్మా వాయువు వేడి అడుగున ఉన్న పలకల మీద పడుతుంది. అందుకే అంచున కాస్త నియాన్ గ్యాస్ వదులుతాం. అది వేడిని వెలుగుగా మార్చి చుట్టూ చల్లేస్తుంది. నిన్న పలకలు కరిగి, కింద నీటిగొట్టం పగిలింది. చూడబోయిన మెకానిక్ చేతులు ఆవిరికి కాలిపోయాయి.”

“మీరు నియాన్ వదల్లేదని వాళ్ళ అభియోగమా?”

“సిలిండర్ నిండుగా ఉందట. కానీ నేను మీట తిప్పాను మాస్టారూ! నా ఎదుటి మీటర్లో ముల్లు దిగింది, అంటే గ్యాస్ వెళ్ళినట్టే. అది పాత మీటరు, కదలిక ఎక్కడా నమోదు కాదు. చెప్పబోతే నోరెత్తనివ్వలేదు. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, అన్నయ్యక్కూడా.”

“అన్నయ్య?”

“ఆ పలకలు తయారుచేసింది ఆయనే. నాన్న పోయాక నన్ను చదివించిందీ ఆయనే.”

పరిశోధనశాల గ్యాస్ గదిలో నియాన్ సిలిండర్ నిజంగానే నిండుగా ఉంది. పక్కన వరుసగా అదనపు హైడ్రోజన్ సిలిండర్లు. వాటి మూతల మీద దట్టంగా దుమ్ము.

“మావయ్యగారూ, ఈ ఒక్కదాని మీద దుమ్ము లేదు. ఎవరో తుడిచారు.”

“తుడవలేదు అల్లుడూ, విప్పారు.”

ఆ గది తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి: డైరెక్టరు, గ్యాస్ ఇంజనీరు, ఆమె అన్న.

డైరెక్టరు విసుగ్గా ఫొటోలు చూపించాడు. పాతవాటిలో యంత్రం అడుగున ఎర్రటి వెలుగు పట్టీ ఉంది. నిన్నటి దాంట్లో లేదు.

“వెలుగు లేదు, సిలిండర్ నిండుగా ఉంది. ఇంకేం కావాలి మీకు?”

అన్న కళ్ళు నిద్రలేక వాచిపోయి ఉన్నాయి. “మా చెల్లి అబద్ధమాడదండీ. ముల్లు దిగడం చూసి నియాన్ వెళ్తోందనే అనుకుంది. దాన్ని వదిలేయమనండి.”

మాస్టారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

సాయంత్రం అందరూ విచారణ గదిలో కూర్చున్నారు. ఆమె తల ఎత్తలేదు. మాస్టారు లేచారు.

“ఈ అమ్మాయి మీట తిప్పింది, గ్యాస్ వెళ్ళింది. అది నియాన్ కాదు. ఈమెకు అనుమానం రాకుండా ఆ గొట్టానికి ఎవరో హైడ్రోజన్ సిలిండర్ బిగించారు. ప్లాస్మా కూడా హైడ్రోజనే. అది ఎంత కలిపినా నియాన్‌లా వేడిని వెలుగుగా చల్లలేదు. ఆ వేడి నేరుగా పలకల మీద పడింది. తర్వాత నియాన్ సిలిండర్‌ని మళ్ళీ బిగించారు. అందుకే అది నిండుగా ఉంది, హైడ్రోజన్ మూత ఒకటి శుభ్రంగా ఉంది.”

“ఎవరు?” అన్నాడు డైరెక్టరు.

“ముల్లు దిగిన సంగతి ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అయినా ఇంకొకరికి తెలుసు. గ్యాస్ వెళ్ళిందని తెలిసిన మనిషికే ముల్లు దిగిందనీ తెలుస్తుంది. చెల్లెల్ని కాపాడబోయి నోరు జారారు.”

అన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“నా పలకలకి నియాన్ అక్కర్లేదని ఎన్నేళ్ళు మొత్తుకున్నా! ఒక్కసారి నియాన్ లేకుండా నడిపి చూడండి, తట్టుకుంటాయని. ఎవరూ వినలేదు. నిన్న తట్టుకుని ఉంటే నేనే చెప్పేవాణ్ణి. కరిగిపోయాయి. నోరు పెగల్లేదు.”

“నన్ను అందరూ తలో మాటా అంటుంటే పక్కనే కూర్చున్నావు కదన్నయ్యా!”

“క్షమించమ్మా…”

ఆమె లేచింది. మాట నిలకడగానే వచ్చింది.

“నాకు కాదు. చేతులు కాలినవాడు ఆస్పత్రిలో ఉన్నాడు. ముందు అతనికి చెప్పు. పద, నేనూ వస్తాను.”

అన్న కుర్చీలోంచి లేవలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకోలేదు. తలుపు తెరిచి పట్టుకుని, అతను లేచేదాకా అక్కడే నిలబడింది.